కుచ్చుల అక్క మా పిన్ని కాదు

సోలాపూర్‌లో తూర్పు వైపు పేటల్ని అందరూ పూర్వభాగ్ అంటారు. మా ఇల్లు అక్కడే. మా వీధిలో చెవులు మూసుకుని నిలబడినా మరమగ్గాల చప్పుడు అరికాళ్ళకి తెలుస్తుంది. మా తాత వాళ్ళ నాన్న తెలంగాణ నుంచి మిల్లు పని కోసం ఇక్కడికి వచ్చాడట. మా బాపు చద్దర్ల కార్ఖానాలో పని చేస్తాడు. తాత మాత్రం ఇంకా చేతి మగ్గం వదల్లేదు. ఆయన నేసేది చద్దర్లు కాదు, గోడకి తగిలించే బొమ్మలు. వినాయకుడు, నెమళ్ళు, శివాజీ మహారాజు. పెద్ద బొమ్మ అయితే పదిహేను రోజులు పడుతుంది.

తాత మగ్గం మా ముందుగదిలో ఉంది. మిగిలిన జాగాలో అమ్మ కుట్టు మిషన్లు. తాత నేసిన బొమ్మకి అమ్మ వెనక గుడ్డ వేసి, అంచు కుడుతుంది. మిగిలిన ముక్కలతో సంచులు కుట్టి వాటి మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది. మొదట ఒకటే మిషన్ ఉండేది. తర్వాత రెండు జూకీలు వచ్చాయి. పోయిన ఏడాది ఓవర్‌లాక్ మిషన్ కూడా వచ్చింది. మేము పడుకునేది లోపలి గదిలో.

ఇక కుచ్చుల అక్క. ఆమెకి వేరే పేరు ఉంది గానీ మా ఇంట్లో అందరూ అట్లనే పిలుస్తారు. బొమ్మ కింది అంచున వేలాడే దారాలను ముడివేసి కుచ్చులు కడుతుంది. ఒక్కో బొమ్మకి ఇంత అని అమ్మ లెక్క కట్టి శనివారం డబ్బులు ఇస్తుంది. అంతకు ముందు ఆమె ఇంట్లోనే బీడీలు చుట్టేది. మా ఊళ్ళో ఎంతోమంది ఆడవాళ్ళు చేసే పనే అది. ఆకు, తంబాకు తెచ్చుకోవాలి, ఇంట్లో కూర్చుని చుట్టాలి, కట్టలు కట్టి తిరిగి అప్పగించాలి. ఆరేళ్ళ కింద మా ఇంటికి పనికి వచ్చినప్పుడు అక్క అన్న మాట నాకు గుర్తుంది. "ఇంట్ల కూసుంటే గోడలే బిడ్డా. ఈడ మనుషులున్నరు."

రాఖీ పున్నమికి మార్కండేయ రథోత్సవం అంటే మా పేటల్లో పెద్ద పండగ. దానికి ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకాయన చేతిలో ఫైలు ఉంది. ఇంట్లో మిషన్లు నడుస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారని మరాఠీలో చెప్పాడు. బాపు కార్ఖానాకి పోయాడు, అమ్మ బజారుకి పోయింది, తాతకి చెవులు సరిగ్గా వినపడవు. కాబట్టి నేనే మాట్లాడాల్సి వచ్చింది.

ఆయన మర్యాదగానే అడిగాడు. మగ్గం చూశాడు, తాత నేస్తున్న నెమలిని చూసి బాగుందన్నాడు. మిషన్లు ఎన్ని, మోటార్లు ఎంత అని రాసుకున్నాడు. తర్వాత మూలన కూర్చుని ముడులు వేస్తున్న అక్క వైపు పెన్ను చూపించి "ఈమె ఎవరు?" అన్నాడు.

జీతానికి మనుషుల్ని పెట్టుకున్నారని రాస్తే ఇల్లు కార్ఖానా కింద లెక్క అయిపోతుందని అంతకు ముందే వీధిలో ఎవరో అంటుంటే విన్నాను. అది తలలో మెదిలింది. వెంటనే "మావశీ" అన్నాను.

మరాఠీ తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. మావశీ అంటే పిన్ని, పెద్దమ్మ. కానీ ఇక్కడ ఇంట్లో, బడిలో పని చేసే ఆడవాళ్ళని కూడా మావశీ అనే పిలుస్తారు. మా బడిలో గంట కొట్టే ఆమె కూడా మాకు మావశే. ఆయనకీ అదే అనుమానం వచ్చినట్టుంది. "సఖ్ఖీ మావశీ?" అన్నాడు. అంటే సొంత పిన్నేనా అని.

"హో" అన్నాను.

అక్క చేతిలో దారం ఆగింది. తల ఎత్తలేదు. మళ్ళీ ముడి వేసింది. ఇంట్లో ఏం పని జరుగుతుందో పదిహేను రోజుల్లో రాసి ఇవ్వమని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆరోజు అక్క టీ తాగలేదు. డబ్బులు తీసుకోకుండానే తొందరగా ఇంటికి పోయింది.

సోమవారం ఈ సంగతి మా సోషల్ సారుకి చెప్పాను. అబద్ధం సంగతి చెప్పలేదు, కాగితం సంగతే చెప్పాను. సారు స్టాఫ్ రూములో కంప్యూటర్ మీద ఆ నియమాలు తెరిచి చూపించారు. ముంబై లాంటి కొన్ని చోట్లు తప్ప మహారాష్ట్ర అంతటికీ ఒకే రకం కట్టడాల నియమాలు 2020 డిసెంబరులో వచ్చాయి. పెద్ద పుస్తకం. ఏ జాగాలో ఏం కట్టొచ్చో, ఏ ఇంట్లో ఏ పని చేయొచ్చో అందులో ఉంటుంది. నివాస ప్రాంతాన్ని ఆర్-1, ఆర్-2 అని రెండు రకాలు చేశారు. ఆ తేడా ఇంటిని బట్టి కాదు, ఇంటి ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి. మాలాంటి పాత ఇరుకు పేటల్లో 9 మీటర్లు గీత. అంతకన్నా తక్కువైతే ఆర్-1. సాయంత్రం నేనూ తమ్ముడూ అమ్మ టేపుతో మా వీధి కొలిచాం. 5 మీటర్ల మీద కొంచెం ఉంది.

ఆర్-1లో కూడా ఇంటి పనులు చేసుకోవచ్చు. కుట్టుపని, ఎంబ్రాయిడరీ, గుండీలు చేయడం మొదలైనవి అని పేర్లు పెట్టి మరీ రాశారు. నేత అనే మాట లేదు. నేను కంగారుపడితే సారు నవ్వి "మీ తాత 'మొదలైనవి'లో ఉన్నాడమ్మా" అన్నారు. కానీ రెండు షరతులున్నాయి. ఒకటి, కరెంటు వాడితే మొత్తం 0.75 కిలోవాట్లు, అంటే 1 హార్స్‌పవర్ దాటకూడదు. రెండు, ఆ పని ఇంటివాళ్ళే చేసుకోవాలి. కూలికి మనుషుల్ని పెట్టుకోకూడదు.

ఇంటికొచ్చి మోటార్ల మీదున్న రేకులు చదివాను. రెండు జూకీలకీ చెరొక అర హార్స్‌పవర్. రెండూ కలిపితే సరిగ్గా ఒకటి. ఓవర్‌లాక్‌కి ఇంకో అర. అంటే పోయిన ఏడాది మేము కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి కొత్త మిషన్ ఆన్ చేసిన రోజే మా ఇల్లు గీత దాటింది. తాత మగ్గానికి మోటారే లేదు కాబట్టి ఆయన ఎన్ని నెమళ్ళు నేసినా ఎవరూ ఏమీ అనరు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నోట్‌బుక్కులో గళ్ళు గీసి, మా ముందుగదిని ఏ కాగితం ఏమని పిలుస్తుందో రాశాను. అమ్మ దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. దాని ప్రకారం మాది సూక్ష్మ పరిశ్రమ. 2020లో ఆ లెక్క పెట్టినప్పుడు కోటి రూపాయల దాకా పెట్టుబడి ఉన్నవాళ్ళు కూడా సూక్ష్మమే, ఇప్పుడది రెండున్నర కోట్లకి పెరిగింది. మూడు మిషన్ల మా అమ్మా అందులోనే, రెండు కోట్ల యంత్రాలున్న సేఠూ అందులోనే. కరెంటు వాళ్ళ లెక్క వేరు. ఇంట్లో ఒక భాగంలో చిన్న వ్యాపారం చేసుకున్నా నెలకి 300 యూనిట్లు దాటకపోతే ఇంటి రేటే వేస్తారని సారు చెప్పారు. మా బిల్లు ఎప్పుడూ దాటలేదు. వాళ్ళకి మాది ఇల్లే. మరమగ్గాలకైతే వాళ్ళ దగ్గర వేరే తరగతే ఉంది. ఇక సోలాపురీ చద్దరుకీ టర్కీ టవలుకీ భౌగోళిక గుర్తింపు ఉంది, అవి ఈ ఊరి సొత్తని దేశమంతా ఒప్పుకుంది. ఒక కాగితం యూనిట్లు లెక్కపెడుతుంది, ఒకటి పెట్టుబడి చూస్తుంది, ఒకటి ఊరి పేరు చూస్తుంది. కట్టడాల నియమం రోడ్డు, మోటారు, మనుషుల్ని చూస్తుంది. చేతిలో ఉన్నది నెమలా, గోనెసంచా అని ఏదీ అడగదు.

మొదట నాకు నియమాల మీద చాలా కోపం వచ్చింది. ఫిర్యాదు ఎవరు చేశారో తెలిశాక ఆ కోపం ఎటు పోవాలో తెలియలేదు. ఎదురింటి వాళ్ళు. వాళ్ళింట్లో మూడు నెలల పాప ఉంది. పండగ ఆర్డర్లని అమ్మ రాత్రి పదకొండు దాకా ఓవర్‌లాక్ నడిపేది. నేను వాళ్ళని తిట్టబోతే అమ్మే ఆపింది. "వాళ్ళ తప్పేమున్నది? నువ్వు పుట్టినప్పుడు పక్కింటి మరమగ్గాలకి నువ్వు ఉలిక్కిపడి ఏడుస్తుంటే నేను రోజూ శాపనార్థాలు పెట్టేదాన్ని" అంది. అప్పుడు 1 హార్స్‌పవర్ అనే గీత నాకు అర్థమైంది. అది ఎదురింటి పాప నిద్ర కోసం గీసింది. వీధి ఇరుకైతే చప్పుడు గోడకి తగిలి మళ్ళీ ఇంకో ఇంట్లోకే పోతుంది కదా.

కానీ రెండో గీత ఎవరి కోసమో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఇళ్ళ మధ్య కార్ఖానాలు పెరగకూడదని పెట్టి ఉంటారని సారు అన్నారు. పది మందిని పెట్టుకుంటే బండ్లు, సామాన్లు, గొడవ. అది నిజమే. కానీ కుచ్చుల అక్క చేసే పనిలో చప్పుడే లేదు. మా ఇంట్లో అందరికన్నా నిశ్శబ్దంగా పని చేసేది ఆమె. ఆమె చేతికి మోటారు లేదు. అయినా ఆమె మా రక్తం కాదు కాబట్టి, ఆమె కూర్చోగానే ఇల్లు మారిపోతుంది.

చివరికి అమ్మ, బాపు కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసిచ్చారు. ఓవర్‌లాక్ మిషన్‌ని పెద్ద రోడ్డు మీద మా మామ వాళ్ళ గాళాలో పెట్టారు. సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లో జూకీలు నడపొద్దని అమ్మే నిర్ణయించుకుంది. కుచ్చుల అక్క సంగతి వచ్చేసరికి అందరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ అంది, "పని ఆమె ఇంటికే పంపిద్దాం. ఆమె ఇంట్ల ఆమె చేసుకుంటే ఎవరూ ఏమనరు."

అది నియమం ప్రకారం సరిగ్గానే ఉంది. మా ఇంట్లో ఇంటివాళ్ళు, ఆమె ఇంట్లో ఆమె. రెండు ఇళ్ళూ ఆర్-1లో ఒదిగిపోయాయి. కానీ ఆరేళ్ళ కింద ఏ గోడల్ని వదిలి మా దగ్గరకు వచ్చిందో, అక్క మళ్ళీ ఆ గోడల మధ్యకే పోయింది. బీడీల బదులు కుచ్చులు, అంతే తేడా.

ఇప్పుడు రోజు విడిచి రోజు సాయంత్రం బొమ్మల మూట నేనే అక్క ఇంటికి తీసుకుపోతున్నాను. మొదటిసారి పోయినప్పుడు ఆ శనివారం డబ్బులు కూడా అమ్మ ఇచ్చి పంపింది. డబ్బులిచ్చి, చెప్పాల్సింది చెప్పలేక గడప దగ్గరే నిలబడ్డాను. అక్కే అడిగింది.

"ఆయన అడిగితే ఈమె పని చేస్తదని ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

"మీకు ఇబ్బంది అయితదని..."

"నాకా, మీకా?"

నా దగ్గర జవాబు లేదు. అక్క కోపంగా అనలేదు. ముడి వేస్తూనే అంది, "ఆరేండ్లు చేసిన. ఒక్క బొమ్మ కుచ్చు ఊడిందని వాపసు రాలే. అది నా పని. పిన్ని అంటే ఆ పని ఎవలదైతది?"

క్షమించు అక్కా అన్నాను. ఆమె నవ్వింది. "సొంత పిన్ని అని గవర్నమెంటోళ్ళ ముంగట చెప్పినవ్ కదా. దసరాకి చీర పెట్టుమను మీ అమ్మని."

దసరాకి అమ్మ నిజంగానే చీర పెట్టింది. అప్పటి నుంచి లెక్కల పుస్తకంలో "కుచ్చులు" అని రాసే చోట అక్క అసలు పేరు రాస్తోంది. నేను ఆ పేరు ఇక్కడ రాయట్లేదు, ఆమెను అడగలేదు కాబట్టి.

మా సారు ఈ వ్యాసం చదివి, చివర నీ అభిప్రాయం రాయమన్నారు. నియమాలు వద్దని నేను అనను. మోటారుకి కొలత ఉండాలి, రాత్రికి హద్దు ఉండాలి, ఎదురింటి పాప పడుకోవాలి. కానీ చప్పుడు లేని చేతిపనికి ఇంట్లో ఒకరిద్దరు బయటి మనుషులు కూర్చోవచ్చని కూడా రాస్తే బాగుంటుంది. అప్పుడు నాలాంటి వాళ్ళు ఎవరినీ పిన్ని చేయాల్సిన పని ఉండదు. ఆ ఫైలు పట్టుకున్న ఆయన మళ్ళీ వచ్చి ఈమె ఎవరు అని అడిగితే, కుచ్చులు కట్టే మనిషి అని చెప్తాను.

ఇప్పుడు మా ముందుగదిలో మూలన జాగా ఖాళీగా ఉంది. అక్క కూర్చునే పీట అక్కడే ఉంది, అమ్మ తీయలేదు. తాత అప్పుడప్పుడు మగ్గం ఆపి, అటు తిరిగి ఏదో చెప్పబోయి, మళ్ళీ నాడె అందుకుంటాడు.