అంకె ఎవుల తాలూకు?

మా నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో కొత్త మనిషి కనిపిస్తే ముందు పేరడగరు. "ఎవుల తాలూకు? ఏ ఈది?" అంటారు. మాలపేట అని చెప్పేదాకా వదల్రు. చెప్పాక టీ గ్లాసు మారిపోతాది. పుట్టుక చెప్పుకుని చెప్పుకుని విసిగిపోయినవాణ్ణి నేను. బడిలో పిల్లలకి మాత్రం ఒక మాట చెప్తాను. మనిషి పుట్టుక అడక్కండర్రా, అంకె పుట్టుక అడక్కుండా వదలకండి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. బీయస్సీ కెమిస్ట్రీ. కాలేజీలో లావుపాటి హ్యాండ్‌బుక్కులు అద్దాల బీరువాలో ఉండేవి. ఏ ద్రవం ఎంత వేడికి మరుగుతుంది, ఎంత ఆవిరవుతుంది, ఎంత బరువు, అన్నీ వాటిల్లోనే. తాళం చేతిలో ఉన్నాయన "మీకెందుకురా అవి, గైడు చదువుకోండి" అనేవాడు. ఆ 'మీకు' అంటే ఎవరికో ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. నాకు దక్కింది సెకండ్ హ్యాండ్ క్లార్క్ టేబుల్స్. అట్ట ఊడిపోతే మాయమ్మ కేలండరు కాయితం వేసి కుట్టింది. ఇప్పటికీ ఉంది.

మా చిన్నాన్న కొడుకు పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు హెల్పరు. డ్రమ్ముల్లోంచి టోలీన్ తోడి పొయ్యడం పని. టెన్త్ తప్పాడు. ఒకరోజు సరుకుతో వచ్చిన ఇంగ్లీషు కాయితాలు రెండు పట్టుకొచ్చాడు.

"అన్నియ్యా, సరుకొకటే. ఒక కాయితంల 22 ఉంది, ఇంకోదాన్ల 28 ఉంది. ఏది నిజిం?"

వాడికి ఇంగ్లీషు రాదు గాని అంకెలొచ్చు. పెద్ద చదువుల వాళ్ళు కూడా అడగని ప్రశ్న అడిగాడు.

రెండూ నిజమే. 20 డిగ్రీల దగ్గర టోలీన్ ఆవిరి పీడనం 22 మిల్లీమీటర్ల పాదరసం. 25 దగ్గర 28. మూడో కాయితంలో 2.9 అని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది కిలోపాస్కల్స్‌లో రాసిన ఆ 22 యే. డిగ్రీ, కొలత పేరు లేని అంకె చిరునామా లేని ఉత్తరం. సరే గాని, రేకుల షెడ్డులో 20 డిగ్రీలెక్కడివి? మా వైశాఖంలో నీడలోనే 40 ఉంటాది. ఆ 20 ఎవరి ఊరి చలవో!

1888లో ఆంట్వాన్ అనే ఫ్రెంచాయన ఒక సమీకరణం ఇచ్చాడు. ఒక్కో ద్రవానికి మూడు స్థిరాంకాలు. టోలీన్‌కి 6.955, 1344.8, 219.48. మూడోదానికి సెంటీగ్రేడులో వేడి కలిపి, దాంతో రెండోదాన్ని భాగించి, వచ్చింది మొదటిదాన్లోంచి తీసెయ్యాలి. మిగిలినదానికి యాంటీలాగ్ చూస్తే మిల్లీమీటర్లలో పీడనం. క్లార్క్ టేబుల్ చాలు. అయితే ఇక్కడే గోతులున్నాయి. ఒక పుస్తకం పదో ఆధారపు లాగ్ వాడతాది, ఇంకోటి సహజ లాగ్. ఒకటి సెంటీగ్రేడు, ఇంకోటి కెల్విన్. దీని స్థిరాంకాలు దాన్లో వేస్తే వచ్చే అంకె చూడ్డానికి నిక్షేపంగా ఉంటాది. ఉత్త అబద్ధం.

అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ లెక్కల్ని 1996 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఎవరు కొలిచారు, ఏ సంవత్సరం, ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా చెల్లుతుంది, పక్కనే ఉంటాది. నా వరకు ఆ బీరువా తాళం అలా ఊడింది. తమ్ముడూ నేనూ కూర్చుని 40కి కట్టాం. 59 వచ్చింది. 22 ఎక్కడ, 59 ఎక్కడ! ఇంకోటి, టోలీన్ ఆవిరి నిప్పందుకోడానికి 4 డిగ్రీల వేడి చాలు. మా దగ్గర ఏ మాఘమాసంలోనూ అంత చల్లబడదు.

అంకెకి చోటు కూడా ఉంటాది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్.జి. పాలిమర్స్‌లో జరిగింది చూడండి. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. 20 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తాను గట్టిపడడం మొదలెడతాది. ఆ చర్య వేడి పుట్టిస్తాది, ఆ వేడి చర్యని ఇంకా తొందరపెడతాది. ట్యాంకు అడుగునే వేడి కొలిచారనీ, మధ్యలోనూ పైనా కొలిచే ఏర్పాటు లేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ రాసింది. సైరన్ మోగించలేదనీ రాసింది. అంకె ఉంది, ఏ చోటి అంకె అని అడిగినవాడు లేడు. 12 మంది పోయారు. స్టైరీన్ అణుభారం 104, గాలిది సగటున 29. భాగిస్తే 3.6. గాలికన్న అన్ని రెట్లు బరువైన ఆవిరి నేలబారున పాకుతాది. ఈ భాగహారం తొమ్మిదో తరగతి గుంటడు చేస్తాడు. ఆర్.ఆర్. వెంకటాపురంలో గోడ పక్కన పడుకున్నవాళ్ళకి ఏ భాషలో చెప్పారు?

తమ్ముడికి తెలుగులో ఒక కాయితం రాసిచ్చాను. 20, 25, 30, 35, 40 డిగ్రీలు, పక్కన పీడనాలు, కింద ఆ 4 డిగ్రీల సంగతి. సూపర్‌వైజరు చూసి "హెల్పరుకి లెక్కలెందుకురా" అన్నాడట. వీడు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"షెడ్డుల దర్మామీటరు నేదన్నియ్యా. ఏ గడి సూడాల?"

శ్రీకాకుళం వెళ్ళి ఒకటి కొనిచ్చాను. మర్నాడు డ్యూటీ దిగి గేటు బయటికొచ్చాక ఫోన్ చేశాడు.

"మద్దేనం రెండుకి 43."

43కి నేను కాయితంలో రాయలేదు. క్లార్క్ టేబుల్ తీశాను. 68 వచ్చింది. చెప్పాను. కాసేపు మాటాడలేదు.

"రేపు మావోలందరికీ సెప్తాను. ఆ కాయితం ఇంకో పది రాసియ్యి."