ఏరు దాటిన మాటలు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాద్రికిఁ బోవు యాత్రికులకు మొదట అడవియు, పిదప గోదావరియు కన్నులపండువు సేయును. ఆ త్రోవలో చెట్టుచేమలతోపాటు మాటలును మారుచుండును. సోదరీమణులారా, శ్రీరామనవమి కల్యాణమునకు మీరు పోవునపుడు ఈ విశేషమును గూడ చెవియొగ్గి వినుఁడు.

ఇందులకు కొంత కారణము చరిత్రము. పూర్వము ఖమ్మము నైజాము రాజ్యములోనిది; నది కావలనున్న భద్రాచలము మదరాసు రాజధానికిఁ జేరిన గోదావరి మండలములోనిది. 1959లో భద్రాచలము తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలోఁ గలిసెను. 2014లో చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకుఁ బోయినను పట్టణము తెలంగాణమున నిలిచెను. 2016 నుండి యది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఎల్లలు మారినంత త్వరగా మాటలు మారవు కదా!

కల్యాణమునకు నలుదెసల నుండి జనులు వత్తురు గనుక అంగడిలో అన్ని సీమల పలుకుబడులును వినవచ్చును. గోదావరి సీమ గృహిణికి ఆనపకాయ యనిన సొరకాయ. చిత్తూరు సీమ నుండి వచ్చిన యామెకు అనపకాయ యనిన చిక్కుడుజాతి కాయ. దాని గింజలు వలిచి పులుసు పెట్టుకొందురు. నడుమ నున్న భేదము ఒక్క దీర్ఘమే.

కూర మారిన ఒక పూట భోజనముతో సరిపోవును. భూమి విషయమున నట్లు గాదు. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. గుంట యనఁగా 121 చదరపు గజములు. దీనినే పలువురు కుంట యనియుఁ బలుకుదురు. కాని కుంట యనిన చిన్న చెరువును గూడ. కోస్తాలో ఎకరమునకు 100 సెంట్లు. అచ్చట గుంట యనిన గొయ్యి. 10 గుంటలు 25 సెంట్లతో సమానము. ఏటికీవలి పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద 10 గుంటలిత్తుమనఁగా, ఆవలి అత్తవారు దానిని 10 సెంట్లని వ్రాయించినచో ఆఁడుబిడ్డకు 15 సెంట్లు పోయినట్లే. కాగితముపై వ్రేలుముద్ర గాని చేవ్రాలు గాని పడకమున్నే ఆ లెక్క గజములలోఁ జెప్పించుకొనుట మేలు.

మనుష్యుల పేళ్లును ఇట్టివే. మైదానమున రెడ్లనిన వ్యవసాయము చేయు పెద్ద కులమువారు. పాపికొండల దాపునఁగల కొండరెడ్లు వేఱు. వారు పోడు సాగుతో బ్రదుకు సాగించుచు వచ్చిన గిరిజనులు. హైమండార్ఫ్ పండితుఁడు 1945లో వారిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. పేరునుబట్టి కలిమిని లెక్కింపరాదు.

ఇంట పెద్దలయొద్ద కావ్యములు చదువుకొన్న మాకు ఇచ్చట మిక్కిలి వింతగాఁ దోఁచిన మాట ఏరు. ఏరువాకలోని ఏరు నాఁగలి. బియ్యములో రాళ్లు ఏరుట మఱియొకటి. శకటరేఫముతో వ్రాయు ఏఱు వాగు, నది. ఇప్పటి అచ్చులో శకటరేఫము అరుదగుటచే మూఁడును ఒక్క తీరుననే కనఁబడును. కోయభాషలో నాలవది యున్నది: అందు ఏరనఁగా నీరు.  

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. ఒక గూడెపు బడిలో మేము చూచుచుండఁగా మొదటి తరగతి కోయపిల్ల యొకతె లేచి “ఏరు” అనెను. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయిని, వాగునకుఁ బోవు వేళ కాదని యామెను కూర్చుండఁబెట్టెను. ఎండకాలము, పిల్ల పెదవులు ఎండిపోయియున్నవి. ప్రక్కనున్న బాలిక కుండవైపు వ్రేలు చూపిన పిదపఁ గాని సంగతి తెలియలేదు. ఉపాధ్యాయిని స్వయముగా నీళ్లు ముంచి యిచ్చి, నాఁడే పిల్లల నడిగి కోయమాటలు పది పలకపై వ్రాసికొనెను. ఆ పిల్ల మఱునాఁడు చెప్పకయే ముందు వరుసలోఁ గూర్చుండెను.

కనుక మన యిండ్లకు వచ్చు పనిమనిషి గాని, క్రొత్తకోడలు గాని, పిల్లల తోడి విద్యార్థి గాని తెలియని మాట యొకటి పలికినపుడు నవ్వి దిద్దకముందు, “మీ యింట దీనికి అర్థమేమమ్మా?” అని యడుగుదము.