రూతు గ్రంథం దగ్గర ఆగిన కలం



ఈ వారం వాక్యధ్యానానికి బదులు ఒక ఊరిని గురించి రాస్తున్నాము. బంధువుల పెళ్లికని నాగపట్నం దాకా కారులో వెళ్లి వచ్చాము. మన సంఘ సహోదరుడొకరు తన కారు ఇవ్వడమే కాక తానే నడిపాడు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు చేతిలో మిగిలింది. సెమినరీలో సంఘచరిత్ర చదివిన రోజుల నుండి పేరుగా మాత్రమే తెలిసిన తరంగంబాడిలో ఆ రోజు గడపాలనుకున్నాము. కారైకాల్ దాటాక ఎంతో దూరం లేదు.

తెల్లని కోట ద్వారం దాటితే ఒకటే తిన్నని వీధి. దాని చివర సముద్రం. మేము వెళ్లేసరికి వీధిలో ఒక సైకిలు, రెండు మేకలు, చేపల గంప దింపుకొని కూర్చున్న ఒక అమ్మ తప్ప ఎవరూ లేరు. ఒడ్డున డెన్మార్కువారు 1620లో కట్టడం మొదలుపెట్టిన కోట ఉంది. 1845లో వారు ఈ ఊరిని ఆంగ్లేయులకు అమ్మి వెళ్లిపోయారు. ఇసుకలో వలలు బాగుచేసుకుంటున్న జాలరులు 2004 డిసెంబరులో సునామీ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేతులతో చూపించారు. ఆ మాటకు భాష అవసరం లేకపోయింది.

ఈ తీరానికే 1706 జూలైలో జీగెన్‌బాల్గ్ అనే జర్మను యువకుడు ఓడ దిగాడు. వయసు పాతిక కూడా నిండలేదు. డెన్మార్కు రాజు పంపితేనే వచ్చాడు, అయినా ఇక్కడి డేనిష్ గవర్నరు అతన్ని నాలుగు నెలలు కోటలో బంధించాడు. అతడు తమిళం నేర్చిన తీరు మాకు మరీ ఇష్టం. వీధిబడిలో చిన్నపిల్లల పక్కన కూర్చొని, వాళ్లలాగే ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాడు. 1715 నాటికి తమిళ కొత్త నిబంధన అచ్చయింది. భారతీయ భాషల్లో అచ్చయిన మొదటి కొత్త నిబంధన అదే.

అతడు కట్టించిన న్యూ జెరూసలేము మందిరాన్ని 1718లో ప్రతిష్ఠించారు. మరుసటి సంవత్సరమే, 36 ఏళ్ల వయసులో అతడు ప్రభువునందు నిద్రించాడు. సమాధి ఆ మందిరంలోనే ఉంది. పాత నిబంధన అనువాదం అప్పటికి రూతు గ్రంథం వరకే వచ్చింది.

ఆ సమాధి దగ్గర కాసేపు మౌనంగా కూర్చున్నాము. బయటికి వచ్చాక పాస్టరమ్మ అడిగారు: "మన అక్షరాల బడి సంగతి ఏం చేద్దామండీ? తొమ్మిదిమందితో మొదలైంది. ఇప్పుడు ముగ్గురే వస్తున్నారు."

పెద్దవయసు తల్లులు తమ బైబిలు తామే చదువుకోవాలని గురువారం సాయంత్రాలు ఆమె నడుపుతున్న బడి మీకు తెలిసిందే. ఒకామె హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఒకామె గుణింతాలు పూర్తికాకముందే ప్రభువు దగ్గరికి చేరారు. మిగతావారికి కూలిపనుల తరువాత ఓపిక ఉండటం లేదు. ఆపేద్దామా అన్న మాట ఇంట్లో చాలాసార్లు వచ్చింది.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. రూతు దగ్గర ఆగిన పని తరువాత ఏమైందో చెప్పాము. 1719లో ఇదే ఊరికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అక్కడినుండి అందుకొని మిగతాది తమిళంలో పూర్తిచేశాడు. తరువాత మద్రాసు వెళ్లి మన తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగులోకి తిప్పాడు. ఆ తెలుగు ప్రతి మాత్రం అచ్చు కాలేదు. మనవారి చేతికి అచ్చయిన కొత్త నిబంధన అందేసరికి 1818 వచ్చింది. అప్పటికి షుల్జ్ లేడు.

పాస్టరమ్మ చాలాసేపు అలలవైపు చూసి, "అంటే ఒకరి పని ఇంకొకరికి అందింది, ఇంకొకరి పని అచ్చే కాలేదు. ఇద్దరూ పని మానలేదు కదండీ," అన్నారు.

ప్రియులారా, మేము ఆ ఊరి నుండి తెచ్చుకున్నది ఆ మాటే. విత్తేవాని చేతిలో ఉండేది విత్తడం. ఎన్ని మొలిచాయని లెక్క చూసుకొని చెయ్యి ఆపితే పొలం బీడే. అలాగని ప్రతి గింజా మన కళ్ల ముందే పంట అవుతుందని ప్రభువు మనకు మాట ఇవ్వలేదు. మీలో సండేస్కూలు నడిపేవారు, మాట వినని బిడ్డ కోసం ఏళ్లుగా ప్రార్థించేవారు, మంచం పట్టిన అత్తగారికి సేవచేస్తూ అలసినవారు ఉన్నారు. మీ పని ఏ పేజీలో ఆగుతుందో మీకు తెలియదు, మాకూ తెలియదు. ఆగేవరకు రాయవలసిన పేజీ మాత్రం మనదే.

అక్షరాల బడి ఈ గురువారం సాయంత్రం ఆరింటికి యథాప్రకారం జరుగుతుంది. ముగ్గురు వచ్చినా, ఒక్కరే వచ్చినా పలక సిద్ధంగా ఉంటుంది. చదువు వచ్చిన యవనస్థులు ఒకరిద్దరు తోడు వస్తే పాస్టరమ్మకు సంతోషం.

దేవుడు మన చేతిపనులను స్థిరపరచును గాక. ఆమేన్.