లాకప్ గంటకు ముందు

ఆ కుర్రాణ్ణి నేను మొదటిసారి చూసింది 2023 వేసవిలో, అడ్మిషన్ బ్యారక్ గోడవారన. ముందురోజు రాత్రి బాగా పొద్దుపోయాక తెచ్చారట. రిమాండ్ ఖైదీ. ఇరవై దాటి ఎంతో కాలేదు. ఇష్టపడిన పిల్లకు పద్దెనిమిది నిండలేదు, ఇద్దరూ ఊరు విడిచి వెళ్లారు, పిల్ల తండ్రి కేసు పెట్టాడు, అది పోక్సో అయింది. ఇలాంటి కేసులు మాకు కొత్త కాదు. మోకాళ్లు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ఒక చేత్తో నడుము దగ్గర చొక్కాను పదే పదే తడుముకుంటున్నాడు. కడుపునొప్పేమో అనుకున్నాను. అడిగితే తలెత్తకుండానే చెప్పాడు:

"మొలతాడు తెంపిండ్రు మేడమ్."

గేటు దగ్గర సోదాలో బెల్టు గానీ తాడు గానీ లోపలికి పోనివ్వరు. ప్రాణం కాపాడటానికే ఆ నియమం. కానీ మగవాడి మొలతాడు ఎప్పుడు తెంపుతారో పల్లెలో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. భార్య పోతే తెంపుతారు, లేకుంటే వాడే పోతే తెంపుతారు.

"అంటే నేను సచ్చినట్టే గద" అన్నాడు. ఏడుస్తూ అనలేదు, కోపంగానూ అనలేదు. కూలి లెక్క చెప్పినట్టు చెప్పాడు. నా చేతిలోని ఫారంలో నిద్ర గురించి ఉంది, ఆకలి గురించి ఉంది, మునుపు ప్రయత్నం చేశావా అని ఉంది. మొలతాడు గురించి లేదు. ఫారం మూసేసి అతని పక్కన నేల మీదే కూర్చున్నాను.

ఒక సెంట్రల్ జైల్లో కాంట్రాక్టు మీద సైకాలజిస్టుగా ఆరేళ్లు పనిచేశాను. ఆ జైలు పేరు రాయను. నాకు అండగా నిలిచినవాళ్లూ, నాతోపాటు తప్పు చేసినవాళ్లూ ఇంకా అక్కడ ఉద్యోగాల్లోనే ఉన్నారు. దేశంలోని 1382 జైళ్ల దుస్థితి మీద నడిచిన కేసులో 2017 సెప్టెంబరు 15న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఖైదీలకు, ముఖ్యంగా మొదటిసారి జైలుకు వచ్చినవాళ్లకు కౌన్సెలర్లను పెట్టమంది. ఇంటివాళ్లతో ములాఖత్‌లు పెంచే దారి, ఫోన్లో మాట్లాడించే దారి చూడమంది. నేను జైలు గేటు దాటి లోపలికి వెళ్లింది ఆ మరుసటి ఏడాది. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకు ఒక కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలి. మా జైల్లో అంతకు రెండింతల మందికి నేనొక్కదాన్ని. అయినా మాది నయమే. దేశం మొత్తం మీద 5.7 లక్షల మంది ఖైదీలకు ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మందేనని ఇండియా జస్టిస్ రిపోర్టు 2025లో రాసింది. అది చదివిన రోజు నాకు ఆశ్చర్యం వేయలేదు, కోపం వచ్చింది.

బయటివాళ్లు నా పని అంటే ఒక గది, రెండు కుర్చీలు, మాటలు అనుకుంటారు. కుర్చీలో కూర్చున్న సమయం తక్కువ. నా పొద్దు రిజిస్టర్ల దగ్గర మొదలయ్యేది. ములాఖత్ రిజిస్టర్లో ఎవరి పేరు నెల రోజులుగా లేదు? నిన్న వాయిదాకు వెళ్లి వచ్చినవాళ్లలో ఎవరికి బెయిల్ కొట్టేశారు? ఎవరికి శిక్ష పడింది? క్యాంటీన్‌లో రోజూ బీడీలు కొనేవాడు ఎందుకు మానేశాడు? ఖైదీ నోటితో చెప్పని సంగతి ఆ గళ్లలో కనిపించేది. ఆ తర్వాత బ్యారక్ లెక్కలు రాసే ఖైదీలతో, అంటే రైటర్లతో మాట, వంటశాలలో మాట, చివరికి ఆ మనిషితో మాట.

ప్రాణం తీసుకుంటారేమోనని కనిపెట్టి ఉండాల్సినవాళ్ల జాబితా ఒకటి నా దగ్గర ఉండేది. అందులో ఎవరెవరు ఉండాలో కొంత చదువు నేర్పింది. తొలిసారి వచ్చినవాళ్లకు మొదటి వారం. సొంత ఇంటి మనిషినే చంపిన కేసులో వచ్చినవాళ్లు. మునుపు ప్రయత్నం చేసినవాళ్లు. మరికొంత మా నేలే నేర్పింది. కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లు లోపలికి వచ్చిన రెండో రోజుకో మూడో రోజుకో చేతులు వణుకుతూ, లేని మనుషులతో మాట్లాడుతూ, గోడకు తల బాదుకుంటూ ఉండేవాళ్లు. కల్లులో కలిపిన మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు చేసే గోల అది. అక్కడ నా మాటలు పనికిరావు, డాక్టరు కావాలి, మందు కావాలి. కొందరిని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపాల్సి వచ్చేది. 'ఎర్రగడ్డ' అన్న మాట వినగానే బ్యారక్ అంతా నవ్వేది. తిరిగి వచ్చినవాడికి ఆ నవ్వు జైలు కన్నా బరువు.

జైల్లో నాకు మొదటి గురువు ఒక హెడ్ వార్డర్. రిటైర్మెంటుకు దగ్గరలో ఉండేవాడు. "మేడమ్, అరిచేటోనికి నేను భయపడ. సప్పుడు లేనోనికి భయపడత" అన్నాడు మొదటి వారంలోనే. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగాలంటే మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు. లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. చదువుకున్నప్పుడు అది అపోహ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. బ్యారక్‌లో అడిగాక తెలిసింది. చాలామంది ఆ ప్రశ్నకు ఊపిరి వదిలేవాళ్లు, ఎవరైనా అడిగితే బాగుండని ఎన్నాళ్లుగానో ఎదురు చూసినట్టు.

వెంటనే ఇంకో భయం బయటపడేది: "చెప్తే ఇంకో కేసు పెడతరా మేడమ్?" అది ఉత్త భయం కాదు. అప్పట్లో ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరమే. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ మాత్రం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అంటుంది. ఆ సెక్షన్ తెలుగులో రాయించి వార్డర్ల గదిలో అతికించాను. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి 309 పోయింది. ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికో ఒత్తిడి పెట్టడానికో చేసిన ప్రయత్నమైతే మాత్రం నేరంగానే ఉంచారు. జైల్లో ప్రతి అధికారీ ప్రభుత్వోద్యోగే. ఆ మినహాయింపు లోపల ఎలా వాడతారోనన్న బెంగ నాకింకా ఉంది.

2019లో జరిగింది చెప్పకుండా ఆ కుర్రాడి సంగతి ముందుకు పోదు.

నలభై దాటిన మనిషి, రైతు. శిక్ష పడి వచ్చాడు. మూడు వారాలు నా జాబితాలో ఉన్నాడు. జైలు పద్ధతి ప్రకారం సింగిల్ సెల్లో పెట్టారు. రాత్రంతా లైటు, కాసేపటికోసారి వార్డర్ వచ్చి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఒంటరి గది వద్దు, నలుగురి మధ్య ఉంచండని నేను ఒకసారి నోటిమాటగా చెప్పాను. రాసి ఇవ్వలేదు. మూడో వారంలో అతను తేరుకున్నట్టు కనిపించాడు. అన్నం తిన్నాడు, నవ్వాడు, నా పిల్లలు ఏం చదువుతున్నారని అడిగాడు. క్యాంటీన్‌లో కొన్న కొత్త సబ్బు, కాగితం కూడా విప్పనిది, పక్క సెల్లో వాడికి ఇచ్చేశాడని వార్డర్ చెప్తే మంచి మనిషి అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం అతని పేరు జాబితాలోంచి కొట్టేశాను.

సోమవారం తెల్లవారి ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు కబురు వెళ్లింది. జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణకు వచ్చారు. నా ఫైలు అడిగారు, ఇచ్చాను. రాత్రి తనిఖీ రిజిస్టరు కూడా ఆ బల్ల మీదే ఉంది. రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా సంతకాలన్నీ ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ఊపు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఒకేసారి పెట్టినవి. ఆ వార్డర్ను తిట్టుకోవడం సులువు. ఆ రాత్రి అతనొక్కడే రెండు బ్లాకులు చూస్తున్నాడు, అంతకు ముందు పగలు కూడా డ్యూటీ చేశాడు. అతని సంతకం ఎంత అబద్ధమో, శుక్రవారం నేను అతని పేరు మీద కొట్టిన గీత కూడా అంతే తప్పు.

గేటు బయట అతని పెద్ద కూతురు ఉంది. కాలేజీ పిల్ల. "మా నాయనను చూసుకునేటోళ్లు ఎవరు?" అని వచ్చేపోయే వాళ్లందరినీ అడుగుతోంది. నేను ఆగి, "నేనే అమ్మా" అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "మరి మీతోని ఏం చెప్పిండు?" అని అడిగింది. నా పిల్లల చదువు గురించి అడిగాడని చెప్పాను.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితావ రాయ్ కమిటీ లెక్క ప్రకారం 2017 నుంచి 2021 దాకా దేశంలోని జైళ్లలో అసహజ మరణాలు 817. అందులో ఆత్మహత్యలు 660. ఆ 660లో ఒకటి నా ఫైలు.

అప్పటినుంచి మూడు పనులు మానలేదు. ఏ పేరూ నేనొక్కదాన్నే కొట్టేయలేదు. డాక్టరు, హెడ్ వార్డర్, బ్యారక్ రైటర్ ముగ్గురూ సరేనంటేనే. ఉన్నట్టుండి కుదుటపడ్డవాణ్ణి చూస్తే ఇంకాస్త ఎక్కువగా వెళ్లి కూర్చున్నాను, తన వస్తువులు పంచిపెట్టేవాడి దగ్గరైతే మరీను. సింగిల్ సెల్ వద్దని ప్రతిసారీ కాగితం మీద రాసి ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. 2020 మార్చిలో కరోనా వచ్చి ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఆ కాగితాలు ఒక కట్ట అయ్యాయి.

కుర్రాడి దగ్గరికి వస్తాను. అతణ్ణీ సింగిల్ సెల్‌కే పంపబోయారు. రాసి ఇచ్చాను. రెండు గంటలు వాదించాక నా మాట నిలిచింది. మామూలు బ్యారక్‌లో ఒక తాత పక్కన పరుపు వేయించాం. తాతది యావజ్జీవ శిక్ష, మగ్గాల విభాగంలో పని. ఇలా తోడుండేవాళ్లను ఏరి, కొద్దిగా తర్ఫీదు ఇచ్చేదాన్ని. నీతులు చెప్పొద్దు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయొద్దు, తేడా కనిపిస్తే అర్ధరాత్రైనా వార్డర్ను పిలువు. కాపలా బాధ్యత మాత్రం వాళ్ల మీద పెట్టకూడదు, అది సిబ్బందిది. తాతకు చదువు రాదు. మొదటి రోజే కుర్రాడి చేతికి పేపరు ఇచ్చి, "నాకు కండ్లు కనిపిస్తలేవు బిడ్డా, సదువు" అన్నాడట. రెండో రోజు పెరోల్ అర్జీ రాయమన్నాడు. సగం రాశాక, "ఇయ్యాల్టికి సాలు, మిగిలింది రేపు రాద్దాం" అని కాగితం మడిచి దాచాడట. ఆ అర్జీ తొమ్మిది రోజులు నడిచింది. నేనెవరికీ అంత బాగా నేర్పలేదు.

కుర్రాడి తల్లికి ఫోన్ లేదు. ఊళ్లో కిరాణా కొట్టు నంబరు ఒకటి ఇచ్చాడు. ఆమె ఉపాధి పనికి వెళ్లే మనిషి, ఎప్పుడు చేసినా పొలం మీదే. చివరికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాలంటీరు ఒకాయన బండేసుకుని ఊరికి పోయి చెప్పివచ్చాడు. ఎనిమిదో రోజు ఆమె ములాఖత్‌కు వచ్చింది. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. జాలీకి అటు ఆమె, ఇటు కొడుకు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అతను చొక్కా ఎత్తి ఖాళీ నడుము చూపించాడు. ఆమె కొంగు ముడి విప్పింది. లోపల నల్లటి కొత్త మొలతాడు ఉంది. వాలంటీరు చెప్పి ఉంటాడు. ఇటు ఇవ్వడానికి వీల్లేదని వార్డర్ అన్నాడు. ఆమె తల ఊపి, మళ్లీ కొంగున ముడేసుకుంది.

"దేవుని కాడ పెడత కొడుకా. నువ్వొచ్చినంక నేనే కడత. అందాక అది నీదే."

ఆ సాయంత్రం అతను రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాడని తాత చెప్పాడు. అయినా పేరు జాబితాలోంచి తీయలేదు. బెయిల్ మొదటిసారి కొట్టేసిన రాత్రి బ్యారక్ బయట లాకప్ దాటాక కూడా కూర్చున్నాను. ఊచల ఇవతల నేను, అవతల అతను, అతని వెనక మెలకువగానే ఉన్న తాత. ఏం మాట్లాడుకున్నామో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వాళ్ల ఊరి చెరువు, అందులో చేపలు.

నాలుగో నెలలో బెయిల్ వచ్చింది. షూరిటీలు దొరకడానికి ఇంకో పది రోజులు పట్టింది. విడుదల కాగితం వెనక టెలిమానస్ నంబరు 14416 రాసి ఇచ్చాను. ఏ రాత్రైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు అని చెప్పాను. అతను నంబరును రెండుసార్లు పైకి చదివాడు. గేటు చిన్న తలుపులోంచి వంగి బయటికి నడిచాడు. రోడ్డుకు అవతల వేపచెట్టు కింద తల్లి నిలబడి ఉంది. బస్సుల హారన్ల మధ్య, అందరూ చూస్తుండగానే, చొక్కా పైకి లాగి నడుముకు మొలతాడు చుట్టింది. ముడి సరిగా పడినట్టు లేదు, విప్పి మళ్లీ కట్టింది.

ఐదున్నరకు లోపల లాకప్ గంట కొట్టారు. తాత పక్కన చోటు ఖాళీ అయింది. ఆ రోజు అడ్మిషన్‌కు పదకొండు మంది కొత్తవాళ్లు వచ్చారు. అందులో ఒకాయన పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదని రైటర్ చెప్పాడు. ఫారం గదిలోనే వదిలేసి అటు నడిచాను.