లండనులో పసిపాప పాస్‌పోర్టు

మా అమ్మాయి నిరుడు భాద్రపదమాసమున లండను నగరమున జన్మించినది. ఆ వార్త టెలిఫోనులో రాజమహేంద్రవరము చేరినంతనే మా మామ్మగారు అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లనెప్పుడు తీసికొని వస్తారే?" అని. ఆమెకు ఎనుబదియెనిమిది యేండ్లు. మోకాళ్ళు పట్టివేయుటచే వీథియరుగు దిగి రెండేండ్లయినది. ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశనము చేయుట మన యాచారము గనుక, అయిదవనెలలో, సంక్రాంతి దినములలో, ఆమె యొడిలోనే ఆ ముచ్చట జరిపింతుమని మేము మాట యిచ్చితిమి. ఆ మాట యిచ్చునపుడు పాస్‌పోర్టు సంగతి మాకు తట్టనేలేదు.

"అక్కడ పుట్టిన పిల్లకు అక్కడివారే పాస్‌పోర్టు ఇస్తారుగదా, మీకెందుకు చింత?" అని బంధువులు పలువు రడిగిరి. అట్లు కాదు. 1983వ సంవత్సరము జనవరి 1వ తేది మొదలుకొని, బ్రిటనులో పుట్టినంతమాత్రమున ఆ దేశపు పౌరసత్వము రాదు. తల్లిదండ్రులలో ఒక్కరైనను ఆ దేశపు పౌరులో, అచ్చట స్థిరనివాసపు హక్కు గలవారో అయియుండవలెను. మేము ఉద్యోగపు వీసాపై నున్నవారము. కనుక మా పిల్ల పుట్టుకచే బ్రిటిషు పౌరురాలు కాలేదు. మన దేశపు పుస్తకములలో ఇంకను ఎక్కలేదు.

మన చట్టమిట్లున్నది. 2004 డిసెంబరు 3వ తేది మొదలుగా విదేశమున పుట్టిన బిడ్డ తల్లిదండ్రుల మూలమున భారత పౌరసత్వము పొందవలెనన్న, పుట్టిన సంవత్సరములోగా అచ్చటి మన రాయబార కార్యాలయమున జననము నమోదు కావలెను. బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసియీయవలెను. గడువు దాటినచో కేంద్రప్రభుత్వము వారి యనుమతి కావలసివచ్చును. ఇందు సోదరీమణులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. 1992 డిసెంబరు 10వ తేదికి పూర్వము విదేశమున పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైననే ఈ హక్కు సంక్రమించెడిది. తల్లి భారతీయురాలగుట లెక్కకు వచ్చెడిది కాదు. నవమాసములు మోసిన తల్లివలన బిడ్డకు దేశము రాదనుట తప్పని తెలియుటకు మన పెద్దలకు అంతకాలము పట్టినది!

ఇంగ్లండులో బిడ్డ పుట్టిన 42 దినములలోగా స్థానిక రిజిస్ట్రారు కార్యాలయమున పేరు వ్రాయింపవలెను. దంపతులు వివాహితులైనచో ఎవరో ఒకరు వెళ్ళిన చాలును. పురిటి నీరసము తీరకుండుటచే మా వారే వెళ్ళిరి. మా పుట్టింటి యింటిపేరు మా పాస్‌పోర్టులో నేటికిని అట్లే యున్నది. దానివలన చిక్కు వచ్చునేమో యని మేము భయపడితిమి గాని, అచ్చటి జనన పత్రములో తల్లి పుట్టింటిపేరునకు ప్రత్యేకముగా ఒక గడియే కలదట. చిక్కు ఇంటిపేరువలన రాలేదు, ఒక్క అక్షరమువలన వచ్చినది. మా పేరు చివర 'లక్ష్మి' యున్నది. మన తెలుగులో దానికి ఒక్కటే రూపము. ఇంగ్లీషులోనో, కొందరు 'కె, ఎస్, హెచ్' అను మూడక్షరములతో వ్రాయుదురు. కొందరు 'ఎక్స్' అను ఒక్క యక్షరముతో సరిపుచ్చుదురు. మా పాస్‌పోర్టులో మూడక్షరములున్నవి. మా వారు ఉత్తరములపై ఎప్పుడును ఒక్క యక్షరముతోనే వ్రాసెడివారు. అలవాటు చొప్పున రిజిస్ట్రారునకును అట్లే చెప్పిరి. ఆమె వ్రాసినదానిని చూపి, సరిచూచి సంతకము చేయుడని యడిగినదట. వారు పాప పేరును ముమ్మారు సరిచూచిరి. తల్లి పేరును చూడలేదు.

ఆ పత్రము చేతికి వచ్చినపుడు మేమును గమనింపకపోతిమి. మా బుద్ధి యంతయు ఫోటో మీద నుండెను. తెల్లని వెనుకతట్టు కావలెను, కన్నులు తెరచియుండవలెను, నోరు మూసియుండవలెను, పట్టుకొన్నవారి చేయి కనబడరాదు. రెండునెలల పసికందుచేత ఇవన్నియు ఒక్క నిమిషమున చేయించుట ఎవరి తరము? తెల్లదుప్పటి పరచి పాపను పండుకొనబెట్టి, మా వారు కుర్చీయెక్కి పైనుండి తీసిరి. కన్ను తెరచినపుడెల్ల నోరును తెరచెడిది. నలువదికి పైగా తీయగా ఒక్కటి పనికివచ్చినది.

సంతకమునకు బదులు వ్రేలిముద్ర వేయింపవలెను. మగశిశువునకు ఎడమచేతి బొటనవ్రేలు, ఆడశిశువునకు కుడిచేతి బొటనవ్రేలు. పాలు త్రాగి నిద్రపోవుచుండగా పిడికిలి మెల్లగా విప్పి, సిరా అద్ది, కాగితముపై నొత్తితిమి. శనగగింజంత ముద్ర పడినది. దానిని చూచి మేమిద్దరము చాలసేపు మాటాడలేదు. దాని క్రింద తల్లియు తండ్రియు ఇరువురును సమ్మతిపత్రముపై సంతకము చేసితిమి. ఇరువురును చేయనిదే సాధారణముగా పసిబిడ్డకు పాస్‌పోర్టు రాదు.

దరఖాస్తులు తీసికొను కార్యాలయమునుండి మూడువారములకు కట్ట అట్లే తిరిగివచ్చినది. తల్లి పేరు పాస్‌పోర్టులో నొకవిధముగను, జనన పత్రములో నొకవిధముగను ఉన్నదట. కిటికీలోని యతడు మా గోడు వినుటకైన తీరిక లేనివాడై, తరువాతి వారిని పిలిచెను. అప్పటికి మార్గశిరము వచ్చినది. సంక్రాంతి మాట పోయినదని మాకు తెలిసినది. ఇక రాజమహేంద్రవరమునకు ఎట్లు చెప్పుట?

మన హైకమిషనువారినే అడిగి తెలిసికొందమని ఒకనాడు పాపను తోపుడుబండిలో పెట్టుకొని ఆల్డ్‌విచ్ ప్రాంతమునగల ఇండియా హౌసునకు వెళ్ళితిమి. ఈ భవనమును సర్ హెర్బర్టు బేకరు అను శిల్పి నిర్మించెను. 1930లో అయిదవ జార్జి చక్రవర్తి ప్రారంభించెను. వెలుపలి గోడలపై నాటి రాష్ట్రముల చిహ్నములు కలవు. వానిలో మదరాసుదియు నొకటి. మా మామ్మగారు పుట్టినది ఆ మదరాసు రాష్ట్రముననే గదా యని, చలిలో మెడలెత్తి దానిని వెదకితిమి. లోపల కనుక్కొనగా, జనన పత్రమును అచ్చటివారిచేత దిద్దించి తెచ్చిన చాలును, సంవత్సరపు గడువునకు ఇంకను ఎంతో వ్యవధి యున్నదని తెలిసినది. బయటికి వచ్చి స్ట్రాండు వీథిలో ఒక బల్లపై కూర్చుండి పాపకు పాలిచ్చితిమి. ఆ చోట వాహనములు నిషేధింపబడినవి. అంత పెద్ద పట్టణపు నడుమ పసిబిడ్డ నిదురించునంత నెమ్మది దొరకినది. మా వారు అంతసేపును తల వంచుకొని, "ఒక్క అక్షరము, ఒక్క అక్షరము" అని గొణుగుకొనుచుండిరి. కోపపడవలెనని యింటినుండి బయలుదేరిన మాకు అది చూచి నవ్వు వచ్చినది.

దిద్దుబాటు పద్ధతి విచిత్రముగ నున్నది. అచ్చటి జనన పుస్తకమున ఒకసారి వ్రాసినదానిని చెరపరు. తప్పు తప్పుగనే యుండును. అంచున సరియైన సంగతిని వేరుగా వ్రాయుదురు. మా పాస్‌పోర్టును సాక్ష్యముగా చూపితిమి. కొన్ని వారములకు అంచువ్రాతతోకూడిన క్రొత్త పత్రము చేతికి వచ్చినది. తిరిగి దరఖాస్తు చేసితిమి. ఈమారు ప్రతి యక్షరమును వ్రేలు పెట్టి చదివినది మేము. ఎదుట నిలిచి ఒప్పచెప్పినది మా వారు.

మాఘమాసమున తపాలాబంట్రోతు ముదురునీలపు చిన్నపుస్తకమును తెచ్చియిచ్చెను. పూర్వము పసిబిడ్డల పేరులను తల్లి పాస్‌పోర్టులోనే చేర్చుచుండెడివారు. ఇప్పుడు ప్రతి శిశువునకు వేరుగా పుస్తకము కావలెను. అయిదేండ్లు మాత్రమే అది చెల్లును. తిరిగి లండను వచ్చుటకు పాపకు వీసాకూడ కావలసియుండెను. ఆ ప్రయాస వేరు.

ఫాల్గుణమున బయలుదేరితిమి. శంషాబాదు విమానాశ్రయమున అధికారి ఫోటోలోని బోడితలను, ఎదుటనున్న ఉంగరముల జుట్టును మార్చి మార్చి చూచి, పాప చిటికెనవ్రేలు పట్టి ఊపి, ముద్రవేసెను. మరునాటి వేకువను రైలు గోదావరి వంతెన దాటినది.

ఏడవనెల అన్నప్రాశనము మామ్మగారి యొడిలోనే జరిగినది. సాయంకాలము ఆమె, "ఏదీ, దీనికోసం ఇన్నాళ్ళు ఆపారే, ఆ పుస్తకం చూపించు" అనిరి. చివరి పుటలో తల్లి పేరున్న చోటు చూపితిమి. ఆమెకు ఇంగ్లీషు రాదు. మాకు పెట్టినది ఆమె పేరే. "అయితే ఇది నా పేరేగదే!" అని అద్దములు సవరించుకొని, ఆ మూడక్షరములు ఏవో అడిగి, ఒక్కొక్కదానిపై వ్రేలుంచి చూచుచుండగా, పాప ఆ పుస్తకమును లాగికొని నోట పెట్టుకొనినది.