పేడ యెవరిది? మంట యెవరిది?

కృష్ణా డెల్టాలో కఱవనిన నమ్మువారు తక్కువ. బెజవాడ కడ 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి యీ సీమకు అన్నపు గాదెయని పేరు వచ్చినది. 1957లో ఆ పాత ఆనకట్టకు మాఱుగా ప్రకాశం బ్యారేజి వెలసినది. బందరు, గుడివాడ, అవనిగడ్డ దారులు కలియు పామర్రు కూడలి దాటి ఏ దిక్కునకు పోయినను వరిమడియే కన్పట్టును. వరి కోసిన వెంటనే మినుము, పెసర. అయినను ఒక లోటు మాత్రము తరతరములుగా ఈ పల్లెలను విడువలేదు. అది బియ్యపు లోటు కాదు. బియ్యము నుడికించు మంట లోటు.

ఇచట కొండ లేదు, అడవి లేదు. ఉన్న నేల యెల్ల మడియే. మన్నెపు పల్లెలోని పేదరాలు అడవికి పోయి కట్టెలమోపు తెచ్చుకొనును; మన పల్లెలోని పేదరాలు ఎచటికి పోవును? మేమెఱిగిన కాలమున ఆమె పొయ్యిలోనికి పిడకలు, కందికంప, తాటిమట్టలు, మిల్లునుండి తెచ్చిన ఊక పోయెడివి. కలిగినవారు బందరు తీరమునుండి వచ్చు సరుగుడు కట్టెలు కొనెడివారు. వానకాలము వచ్చినచో పిడక తడియును, కంప నానును, ఇల్లంతయు పొగ నిండును. ఆ పొగలో కూర్చుండి గొట్టముతో ఊదుచు, కొంగుతో కన్నులు తుడుచుకొనుచు వండిపెట్టిన తల్లులను ఎఱుగనివారు మనలో నెవ్వరు? ఆ పొగ ఊపిరితిత్తులకును, కన్నులకును కీడుచేయునని వైద్యులు ఘోషించుచున్నను, దానిని వంటింటి సహజ లక్షణముగనే మనము భావించితిమి.

1999లో ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతటను ఉజ్జ్వల పథకమును వచ్చి గ్యాసు సిలిండరును పేదయింటి గడప దాటించినవి. అది మేలైన పని. దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని మొదటి సిలిండరు వచ్చుట వేఱు, అది అయిపోయిన పిదప రెండవది కొనుట వేఱు. కూలి దొరకిన దినములలో గ్యాసు, దొరకని దినములలో పుల్లలు, పిడకలు. ఇట్లు రెండు పొయ్యిలతో కాలక్షేపము చేయు ఇండ్లు నేటికిని మన పల్లెలలో కలవు. కావుననే గోబరు గ్యాసు సంగతిని చదువరులకు మరల జ్ఞాపకము చేయదలచితిమి.

దాని సూత్రము మిక్కిలి సులభము. పేడను సమానమైన నీటితో కలిపి, గాలి చొరని గుంటలో నిలువచేసినచో, కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొని ఒక వాయువును పుట్టించును. అందు సగమునకు పైగా మీథేను, మండునది యదియే. ఒక కిలో పచ్చిపేడనుండి సుమారు 40 లీటర్ల వాయువు వచ్చును. ముప్పది నలువది దినములలో ఆ పేడ బాగుగా చివికి, మడ్డియై వెలికి వచ్చి, చేనికి మంచి యెరువగును. పిడకచేసి కాల్చినచో మంట దక్కును గాని ఎరువు బూడిదయగును. పెంటకుప్పలో వేసినచో ఎరువు దక్కును గాని మంట దక్కదు. గుంటలో పోసినచో రెండును దక్కును.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1897లోనే బొంబాయి మాతుంగలోని కుష్ఠురోగుల ఆశ్రమమున మురుగునుండి ఇట్టి వాయువును పట్టిరి. 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమున ఎస్. వి. దేశాయిగారు పేడపై ప్రయోగములు చేసిరి. పిమ్మట జష్‌భాయి పటేలుగారు ఇనుప డ్రమ్ము తేలియాడు నమూనాను రూపొందింపగా, ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు 1960ల నుండి దానిని పల్లెలలో వ్యాపింపజేసిరి. 1981-82లో కేంద్రప్రభుత్వము దేశవ్యాప్తముగ ఒక పథకమును ప్రారంభించెను. ఇనుము అక్కఱలేక యిటుకతోనే గుమ్మటము కట్టు దీనబంధు నమూనా 1984లో వచ్చినది. విద్య కలదు, ధనసాహాయ్యమును కలిగినది. మఱి కొఱత యెచట?

దీనికి జవాబు మాకు పామర్రు ప్రాంతపు పెరళ్ళలో దొరకినది. ఒక మోతుబరి రైతు పెరటిలో తుప్పుపట్టిన డ్రమ్మొకటి చూచితిమి. కాడెద్దులు పోయి ట్రాక్టరు వచ్చిన పిదప పేడ చాలక యంత్రము మూలబడినదని ఇంటివారు చెప్పిరి. ఒకప్పుడు ఆ యింటి కొట్టములో పనిచేసిన ముసలమ్మ యొకతె అచటనే యుండెను. "యంత్రము నడచిన రోజులు మంచివే గదా, అమ్మా!" యని అడిగితిమి. ఆమె నవ్వి యిట్లనెను: "వాళ్ళకి మంచివేనండీ. అంతకుముందు కొట్టం ఊడ్చినందుకు రెండు తట్టల పేడ నన్ను పట్టుకుపొమ్మనేవాళ్ళు. గుంట తవ్వాక పేడకి విలువొచ్చింది. ఊడ్చేదీ నేనే, గుంటలో కలిపేదీ నేనే. మంట మాత్రం వాళ్ళింట్లో. మాకు పిడక కూడా లేకపోయె."

విలువ లేనంతకాలము పేడ ఊరందఱిది. విలువ రాగానే అది పశువు యజమానునిది. ఇందు ఆ రైతు చేసిన అన్యాయ మేమియు లేదు. తన పశువు పేడను తాను వాడుకొనెను. ఏర్పాటే అట్టిది. రెండు ఘనమీటర్ల యింటియంత్రమునకు దినమునకు 50 కిలోల పేడ వలయును, అనగా నాలుగైదు పశువులు వలయును. కొట్టమున నాలుగైదు పశువులున్నవానికే యంత్రము, వానికే ప్రభుత్వపు సాయము, వానికే పొగలేని వంటిల్లు. పశువులేని యింటికి మిగిలినది పని మాత్రమే. మేలుచేయ వచ్చిన సంస్కరణ ఒక యింటి పొయ్యి వెలిగించి, తెలియకయే దాని ప్రక్కనున్న గుడిసెలోని పొయ్యి నార్పివేసినది.

కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతమున తెలుగు మాటాడు పల్లెలు అనేకములు కలవు. అచటి కూలీసంఘమువారు 5,500 ఇంటియంత్రముల పథకమును 2005లో క్యోటో ఒప్పందము క్రింద నమోదు చేయించిరి. కట్టెపొగ తగ్గించినందుకు విదేశములనుండి వచ్చు సొమ్ము వాని వ్యయమునకు ఆధారమైనది. కూలివారు సంఘముగ నిలిచినచో ఈ విద్య వారి గుడిసెవఱకును రాగలదని ఇందువలన తెలియుచున్నది. కాని అది పశువున్న కుటుంబముల సంగతి. మన డెల్టాలో భూమిలేనివారిలో అనేకులకు పశువును కొనుటకు సొమ్మును లేదు, కట్టుటకు చోటును లేదు. కావున ఇచట ఇంటింటి యంత్రము చాలదు; ఊరుమ్మడి యంత్రము వలయును.

ఊరుమ్మడి యంత్రములను మన దేశమున ఇదివఱకే కట్టి చూచిరి. 1980 ప్రాంతమున ఉత్తరప్రదేశమున ఫతేసింగ్ కా పూర్వాలోను, మన తెలుగునేలపై కరీంనగరు జిల్లా కోడుముంజలోను ఇట్టివి నెలకొల్పిరి. అయినను ఉమ్మడి యనినంతనే అన్ని చిక్కులును తీరవు. లెక్క చూతము. మనిషి యొక్కనికి వంటకై దినమునకు పావు ఘనమీటరు వాయువు కావలెననుకొందము. నూఱిండ్ల పల్లెలో అయిదు వందల మంది యున్నచో 125 ఘనమీటర్లు వలయును. అందులకు 3,125 కిలోల పేడ కావలెను. గేదె యొకటి దినమునకు పండ్రెండు కిలోల పైచిలుకు పేడ వేయుననుకొనినను 250 గేదెలుండవలెను. ట్రాక్టర్లును, కోతయంత్రములును వచ్చిన పిదప నూఱిండ్ల పల్లెలో అన్ని పశువు లెచటనున్నవి? పేడ చాలనప్పుడు వాయువు ఎవరికి ముందని తగవు పుట్టును. తగవు పుట్టిన చోట బలవంతుని యింటికే గొట్టము పోవును.

కర్ణాటకలోనే తుమకూరు జిల్లా పురా గ్రామమున బెంగుళూరు విజ్ఞాన సంస్థవారు ఈ చిక్కునే ఎదుర్కొనిరి. అమూల్యకుమార్ రెడ్డిగారి నాయకత్వమున వారు మొదట ఊరందఱి వంటకును వాయువు నీయదలచిరి. పేడ చాలలేదు. 1987 నుండి మార్గము మార్చి, ఆ వాయువుతో ఇంజను నడిపి, త్రాగునీరు తోడి, ఇండ్లకు దీపములిచ్చిరి. పేడ తెచ్చినవారికి కిలోకు రెండు పైసల చొప్పున చెల్లించుచు, మడ్డిని తిరిగి యిచ్చుచు వచ్చిరి. పేడ మోయువారు తఱచుగ స్త్రీలు, పిల్లలు గనుక ఆ పైసలు వారి చేతిలోనే పడెను. ఇందు రెండు నీతులు కలవు. ఉన్న కొంచెమును అందఱకును చేరు పనికే మొదట వినియోగింపవలెను. పశువునకు యజమాను డెవ్వడైనను, పేడను ఎత్తి మోసిన చేతికి కూలి ముట్టవలెను.

మన పల్లెలలో నేడు త్రాగునీటికిని దీపమునకును వేఱు మార్గములు కలవు. కావున అందఱకును చేరు పని మఱియొకటి వెదకుదము. బడిలో మధ్యాహ్న భోజనము వండు పొయ్యి కంటె ఉమ్మడి పొయ్యి యేది? అంగన్‌వాడిలో పసిపిల్లలకు వండు పొయ్యి కంటె న్యాయమైన పొయ్యి యేది? మొదటి గొట్టము అచటికి పోవలెను. అచట అన్ని వాడల బిడ్డలును తిందురు. వండు తల్లులకు పొగబాధ తొలగును. మిగిలిన వాయువు రెండవ గొట్టమున పశువులేని యిండ్లకు చేరవలెను. పశువున్న రైతునకు పేడ తూకమునకు తగిన మడ్డి తిరిగి ముట్టవలెను. మినుము చేనికి గాని, కూరగాయల పాదులకు గాని అది యెరువగును.

ఆచారపరులు కొందఱు ఇచట ఆటంకము చెప్పుదురని మే మెఱుగుదుము. ఎవరి పశువు పేడయో, ఎవరి చేతితో కలిపిన గుంటయో, దాని మంటపై ఉడికిన అన్నము తినుట యెట్లని వారి ప్రశ్న. పేడతో అలికిన పొయ్యిపై వండుట మడియట, ఆ పేడ పుట్టించిన మంటపై వండుట మైలయట! ఆ వాకిట కల్లాపి చల్లు పేడను ఏ వాడ స్త్రీ యెత్తి తెచ్చినదో వా రెన్నడైనను విచారించిరా? ఇదే కృష్ణా జిల్లాలో, ఉయ్యూరు దాపునగల ముదునూరులో, 1940లో గోరాగారు నాస్తిక కేంద్రమును స్థాపించిరి. ఊళ్ళలో సహపంక్తి భోజనములు నడిపిరి. నాడు ఒక పంక్తిలో కూర్చుండుటకే సాహసము వలసెను. ఒక గుంటనుండి బయలుదేఱిన గొట్టము రెండు వాడలకు పోవుట ఆ పనికి కొనసాగింపే యగును. అయితే గొట్టము పెద్దవీధిలో ఆగిపోవునా, దళితవాడ తుదియింటివఱకును పోవునా యనుటయందే మన సంస్కారము తేలును.

డెల్టాకు తగిన జాగ్రత్తలును కొన్ని కలవు. ఇచట త్రవ్విన కొలది అడుగులకే నీరూరును. ఖాళీగానున్న గుంటను ఆ నీరు పైకెత్తి పగులగొట్టును గనుక మెరక చూచి కట్టవలెను. పేడ చాలనప్పుడు కాలువలలో పేరుకొను గుఱ్ఱపుడెక్కను ముక్కలుగ తఱిగి పేడతో కలిపి వేయవచ్చును, కాలువయు శుభ్రపడును. వరిగడ్డిని మాత్రము తోచినట్లు వేయరాదు. అది తేలి, తెట్టెకట్టి, దారి మూయును. దినదినమును పేడ తూచి, కలిపి, గొట్టములు పరీక్షించు మనిషికి నెలజీతము ఉండవలెను. పశువులేని యింటి స్త్రీకి ఆ పని నేర్పి యప్పగించుట ఉత్తమము. ఎవరికిని జీతములేని ఊరుమ్మడి పనిని ఎవరును చేయరు. ఎవరు ఎంత పేడ తెచ్చిరో, ఎవరికి ఎంత చెల్లెనో ప్రతివారమును బడిగోడపై వ్రాయవలెను. పుస్తకములో దాగిన లెక్కకంటె గోడపై కనబడు లెక్క తగవులను ఎక్కువగా తీర్చును.

ప్రభుత్వమును చేయివిడువలేదు. 2018లో ప్రారంభమైన గోబర్ధన్ పథకమున ఊరుమ్మడి యంత్రములకు చోటున్నది. స్వచ్ఛభారతము రెండవ దశలో జిల్లాకు 50 లక్షల రూపాయలవఱకు సాయము ఏర్పఱచిరి. కాని సొమ్ము గుంటను త్రవ్వగలదు గాని ఊరిని ఒకటిచేయజాలదు. ఆ పని గృహస్థులది, విశేషించి గృహిణులది. పొయ్యి యెదుట కూర్చుండువారు వారు; పొయ్యినిగూర్చిన సభలలో కూర్చుండువారు మాత్రము పురుషులు. ఇది మాఱవలెను. ఊరుమ్మడి యంత్రపు సంఘమున సగముమందియైనను స్త్రీలుండవలెను. వారిలో పేడ మోయు చేతులవారును ఉండవలెను.

మా చదువరులలో పల్లెతో సంబంధము తెగనివారు అనేకులు కలరు. సెలవులకు ఊరికి పోయినపుడు బడి వంటశాలలోనికి ఒక్కసారి తొంగిచూడుడు. పొయ్యిలో మండున దేమియో, వండువారు కన్నులు తుడుచుకొనుచున్నారో లేదో గమనింపుడు. గ్రామసభలో గోబరు గ్యాసు మాట వచ్చినపుడు పశువుల లెక్కతో పాటు పశువులేని యిండ్ల లెక్కయు వ్రాయించుడు. ఆ రెండవ లెక్క వ్రాసిన పిదపనే గుంటకు కొలతలు వేయుడు.