నాన్నగారి చిట్టా

మా నౌపడలో వాన రాకముందే ఉప్పు కుప్పలపై తాటాకులు కప్పుతారు. ఆపాటి ముందుచూపు నాకు లేకపోయింది.

నాన్నగారు చివరి రెండేళ్లూ నా పక్కన కూర్చుని, కంప్యూటరులోని పాటలకు వివరాలు చెప్పి రాయించారు. "మల్లీశ్వరి, 1951. పాటలు కృష్ణశాస్త్రిగారివి. సంగీతం మన సాలూరి రాజేశ్వరరావు!" ఆ "మన" అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి!

పాటలకు నకలు తీసి దాచాను. కంప్యూటరు చెడ్డాక తెరిస్తే పాటలున్నాయి, వివరాలు లేవు! వాటిని పాటల ఫైళ్లలో కాక, వినిపించే ప్రోగ్రాము వేరే చిట్టాలో ఉంచిందట. ఆ చిట్టాకు నకలేదీ?

పాటలు మళ్లీ దొరుకుతాయి. నాన్నగారో? ఇప్పుడు అమ్మ విని చెబుతోంది. నేను పాట ఫైలులోనే రాస్తున్నాను. చిట్టాతో సహా ఒక నకలు విశాఖలో అక్కయ్య ఇంట్లో ఉంచాం. అమ్మకూ తెలియనిచోట ఖాళీ వదిలేస్తున్నాం. అది నాన్నగారిది.